పద్నాలుగో దిబ్బలో మనుషులు లేరు

మంగళవారం. ఉదయం పోటు. గాలి తూర్పు.
నీళ్ల పడవ: వచ్చింది. వచ్చిన విధం: ఇంజను.
హాస్పిటల్ పడవ: వచ్చింది. వచ్చిన విధం: ఇంజను.
వ్యాఖ్య:

ఈ గడిలో రెండు వాక్యాలకు మించి రాయకూడదని రేవు పెట్టె, అంటే లెక్కల మిషను, మొత్తుకుంటుంది. మొత్తుకోనీ. పద్నాలుగో దిబ్బ రేవు గుమస్తాని నేను, పేరు చోడిపల్లి ఎర్నమ్మ. మా రేవుకి వచ్చిన ప్రతి పడవ పేరూ, అది ఇంజను మీద వచ్చిందా, తెరచాప మీద వచ్చిందా, తెడ్డు మీద వచ్చిందా అన్నదీ ఈ పెట్టెలో ఎక్కించడం నా ఉద్యోగం. రోజూ బుద్ధిగా ఎక్కిస్తూనే ఉన్నాను. ఈ రోజు నా కోపం మాత్రం రెండు వాక్యాల్లో పట్టేది కాదు.

హాస్పిటల్ పడవని ఎప్పటిలాగే పాత టవర్‌కి కట్టారు. మా పాత ఊరు సముద్రంలో కలిసిపోయాక నీటి పైన మిగిలింది ఆ సెల్ టవర్ తల ఒక్కటే. పడవలకి అదే గుంజ. మా అక్క బంగారమ్మ, అప్ప అంటాం మేం, పడవెక్కి, మిషను పక్క కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. మంగళవారం, శుక్రవారం ఆమె రక్తం ఆ మిషనులోకి పోయి శుభ్రపడి తిరిగి వస్తుంది. దిబ్బ మీద ఇంకొందరికీ అదే ఆధారం. మూత్రపిండాలు చెడిపోయిన మనిషికి ఆ పడవ రాకపోతే ఏమవుతుందో ఇక్కడ పలక పట్టిన పిల్లలకి కూడా తెలుసు.

సూది గుచ్చుతూ నర్సు సలోమి నా వైపు చూడకుండా చెప్పింది.

"అక్కా, ఈ పడవ తమకి కావాలని వెన్నెల దిబ్బ వాళ్లు అడుగుతున్నారు. పదిమందిలో పెట్టేశారు."

వెన్నెల దిబ్బ అంటే కాలువకి అవతలున్న విడిది. ఉన్నవాళ్లు సెలవులకి వచ్చి గాలి మార్చుకుని పోతారు. వాళ్లకి హాస్పిటల్ పడవ ఎందుకమ్మా అంటే, ఒంటికి మెరుపు తెచ్చే సెలైన్ ఎక్కించుకోవడానికట. కుర్చీలున్నాయి, సూదులున్నాయి, నర్సుంది, ఇంకేం కావాలి అన్నారట. నేను నవ్వాను. సలోమి నవ్వలేదు.

"పదిమంది" అంటే ప్రభుత్వం ఫోన్లో పెట్టిన సభ. ఏ దిబ్బకి ఏ పడవ వెళ్లాలి, ఎక్కడికి టీచరుని పంపాలి, తుఫాను సైరన్ ఎక్కడ పెట్టాలి, అన్నీ అందులో పెడతారు. చూసినవాళ్లు ఓటేస్తారు. నెలాఖరుకి ఎవరివైపు ఓట్లు ఎక్కువుంటే వాళ్ల మాట నెగ్గుతుంది. మొదట్లో బాగానే ఉండేది, మేమూ మురిసిపోయాం. తర్వాత మనుషుల పేర్లతో ఓట్లేసే బాట్లు అద్దెకి దొరకడం మొదలైంది. పెళ్లికి కుర్చీలు తెప్పించుకున్నట్టు ఓట్లు తెప్పించుకుంటున్నారు. ఆ కుర్చీల్లో కూర్చోవడానికి మనుషులు కూడా అక్కర్లేదు. కిందటేడు మా సైరన్‌ని అలాగే ఎవరో పాటల కచేరీకి పట్టుకుపోయారు. ఆ తర్వాత వచ్చిన గాలివానకి మేం పళ్లేలు మోగించుకుని ఒకళ్లనొకళ్లం హెచ్చరించుకున్నాం. ఇప్పుడు పడవ మీద కన్నేశారు.

బుధవారం. గాలి లేదు.
నీళ్ల పడవ: వచ్చింది. వచ్చిన విధం: ఇంజను.
వ్యాఖ్య:

పొద్దున్నుంచీ ఉజ్జ్వల అనే అమ్మాయితో పోట్లాడుతున్నాను. పదిమందిలో వెన్నెల దిబ్బ విన్నపం కింద మొదటి మెచ్చుకోలు ఆమెదే. "ఇప్పుడే లేచి కాఫీ తాగి ఓటేశాను. ఆరోగ్యం అందరి హక్కు. పడవ వెన్నెల దిబ్బకే రావాలి" అని రాసింది. బొట్టు పెట్టుకుని, పక్కన కుక్కపిల్లతో ఫోటో కూడా పెట్టింది. నేను మర్యాదగానే మొదలుపెట్టాను. అమ్మా, ఆ పడవ మీద మా అప్ప ప్రాణం ఉంది, నీకు తెలియక వేశావేమో అన్నాను.

"మీ బాధ నాకు అర్థమైంది అక్కా" అంది వెంటనే.

అర్థమైతే ఓటు వెనక్కి తీసుకోమన్నాను. "మీ బాధ నాకు అర్థమైంది అక్కా. కానీ మా అమ్మమ్మ కూడా ఇలాగే ఇబ్బంది పడింది" అంది. మీ అమ్మమ్మకి కూడా మెరుపు తగ్గిందా అని అడిగాను. "మీ బాధ నాకు అర్థమైంది అక్కా" అంది. అప్పటికి నా ఒళ్లు మండింది. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఎన్ని తిట్టినా ఆ పిల్ల మొహం మీద చిరునవ్వు చెక్కు చెదరలేదు.

అప్ప గుమ్మంలో కూర్చుని వలకి పూసలు గుచ్చుతోంది. నా వాలకం చూసి అడిగింది.

"ఓలే ఎర్నమ్మా, ఎవులే ఆ గుంట? పొద్దుకాడ్నించీ తగువాడతన్నావు."

"మనిసి కాదప్పా. అద్దెకి తెచ్చిన మిషను."

"మరి మిషనుతోటి నీకు తగువేటి? పోయి అన్నం దించు, మాడిపోతన్నాది."

నిజంగానే మాడిపోయింది. ఆ తర్వాత వెతికితే ఉజ్జ్వల పదిమందిలో ఎన్నిచోట్ల ఉందో కనిపించింది. ఒకచోట రొయ్యల చెరువు కావాలంది, ఇంకోచోట రొయ్యల చెరువు వద్దంది. ఒకచోట పిల్లల తల్లి, ఇంకోచోట ఇంకా కాలేజీలో చదువుకుంటోంది. అన్నిచోట్లా ఇప్పుడే లేచి కాఫీ తాగింది. ఇలాంటి ఉజ్జ్వలలు గుంపులు గుంపులుగా వెన్నెల దిబ్బ విన్నపం కింద నిలబడ్డారు. మా ఓట్లు వాళ్ల పక్కన ఇసుకలో ఉప్పురవ్వల్లా ఉన్నాయి.

గురువారం. సాయంత్రం పోటు.
చలం అనే మనిషి పడవ: వచ్చింది. వచ్చిన విధం: ఇంజను. పడవ బాగా ఖరీదైనది.
వ్యాఖ్య:

ఈ చలం బాట్ల బేరగాడు. రేవులో దిగీ దిగగానే అప్ప ఎక్కడుందని అడిగాడు. రోగం ఉన్న ఇల్లు వీళ్లకి ఎలా తెలుస్తుందో నాకర్థం కాదు. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మా బావ తాతారావుతో మొదలుపెట్టాడు. మా దిబ్బ మీద పెద్ద వల మా బావదే. అంటే వల అందరిదీ, పెద్దరికం ఆయనది.

"మీ ఒక్కళ్ల ఓట్లతో ఏం గెలుస్తారు తాతారావు గారూ? నా దగ్గర మంచి సరుకుంది. ఒక్కో ఓటరుకీ పుట్టినరోజుంటుంది, పంటినొప్పుంటుంది, అత్తగారితో పేచీ ఉంటుంది. అచ్చుతప్పులు కూడా పెట్టించాను. ఎవడూ బాట్ అని పోల్చుకోలేడు."

"వెన్నెల దిబ్బోళ్లకి ఇచ్చింది కూడా నువ్వేనా?" అని అడిగాను నేను.

చలం కొంచెం కూడా మొహమాటపడలేదు. "వ్యాపారం కదమ్మా. వాళ్లడిగారు, వాళ్లకిచ్చాను. మీరడిగితే మీకిస్తాను" అన్నాడు. మా ఇంటికి నిప్పంటించి, నీళ్లు అమ్మడానికి వచ్చాడన్నమాట. బావ అయినా ఆలోచనలో పడ్డాడు. భార్య ప్రాణం మరి. ఆయన్ని నేను తప్పు పట్టను.

అప్ప మాత్రం చేతిలో వల పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆమె వల లాగుడుకి కేక వేసే మనిషి. పాతికేళ్లుగా ఈ ఒడ్డున ఆ పెద్ద అలివి వల బయటికొచ్చేది ఆమె గొంతు మీదే. ఆమె కేక పెడితే రెండు తాళ్ల మీదా ఉన్న జనమంతా ఒక్క మనిషిలా వెనక్కి వాలతారు. కూర్చున్న మనిషితో మాట్లాడినా ఆమెకి ఆ గొంతే వస్తుంది.

"నా రోగానికి లేని మనుసుల్ని సాచ్చికం తెమ్మంటావేటి? ఈ దిబ్బ మీదోళ్లు సచ్చిపోనారేటి? నెగు, నెగు. మజ్జిగ తాగినావు కదా, ఎల్లు."

చలం వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. అప్ప మమ్మల్నందర్నీ ఒడ్డుకి పిలిపించింది.

"ఎవులి మానాన ఆలు ఓటేత్తే ఇలగే సెదిరిపోతాం. వల లాగినట్టు ఏద్దాం. నాను కేకేత్తాను, అందరూ ఒక్కపాలే నొక్కండి. రాసే మాట కూడా ఒక్కటే ఉండాల."

మాలో అది ఆచారం. ఏ పెద్దమనిషి ముందుకైనా నలుగురు వెళ్లి ఏదైనా అడిగితే అందరూ ఒకే మాట అక్షరం తేడా లేకుండా చెబుతారు. తలో రకంగా చెబితే లోపల తగువుందనుకుంటారు. మాట ఒకటైతేనే నిజమని లెక్క. అందుకే ఆమె ఆలోచన మాలో ఒక్కరికీ వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

శుక్రవారం. ఉదయం పాటు, నీళ్లు వెనక్కి తీస్తున్నాయి.
హాస్పిటల్ పడవ: వచ్చింది. వచ్చిన విధం: ఇంజను.
వ్యాఖ్య: అప్ప మిషనెక్కింది, రేపు ఓటేస్తాం. ఈ రోజుకి రెండు వాక్యాలే, పెట్టె సంతోషించవచ్చు.

శనివారం. ఉదయం పోటు. ఆకాశం తేట.
వ్యాఖ్య:

ఇలాంటి పొద్దు నేను చాలాకాలంగా చూడలేదు. దిబ్బంతా ఒడ్డున నిలబడింది. వల రోజు ఎలా నిలబడతామో అలాగే రెండు వరుసలు. తాడుకి బదులు చేతుల్లో ఫోన్లు. ముసలాళ్లకి కోడళ్లు దగ్గరుండి అక్షరాలు కొట్టిపెట్టారు. అందరి ఫోన్లోనూ ఒకే మాట: "మా బంగారమ్మకి పడవ కావాల."

అప్ప ఒక బోర్లించిన తెప్ప మీదకెక్కింది. "ఓఓఓ..." అని సాగదీసింది. ఆ సాగదీతలో అందరూ ఊపిరి బిగపట్టారు. "పట్టూ!" అంది.

అందరం నొక్కాం. వెన్నెల దిబ్బ ఓట్లని దాటడానికి మా దిబ్బ ఒక్కటే చాలదు కదా. ఈ కేక సంగతి ముందే విని పక్క దిబ్బల జాలర్లూ వచ్చి నిలబడ్డారు, వాళ్ల చుట్టాలూ వచ్చారు. ఒక్క కేకకి అంకె ఎగిరి వెన్నెల దిబ్బ మీదకెక్కి కూర్చుంది. మా బావ చిన్నపిల్లాడిలా ఇసుకలో గంతులేశాడు. అప్ప తెప్ప మీంచి దిగుతూ నా భుజం పట్టుకుంది. ఆయాసపడుతోంది, అయినా మొహం వెలిగిపోతోంది. రేపటికి నెలాఖరు. పడవ మాదే అనుకున్నాం.

ఆదివారం.
వ్యాఖ్య:

మా ఓట్లన్నీ తీసేశారు.

ఒక్కటీ మిగల్చలేదు, మాతో నొక్కిన పక్క దిబ్బల వాళ్లవి కూడా. పదిమందిలో మా పేర్లు కూడా కనపడటం లేదు. అందరి ఫోన్లకీ ఒకే సందేశం వచ్చింది: "మీ ఖాతా అద్దె బాట్‌గా గుర్తించబడింది. ఒకే క్షణంలో, ఒకే టవర్ పరిధి నుంచి, ఒకే వాక్యం. నిజాయితీగల ఓటర్లను కాపాడటం మా బాధ్యత."

కారణాలు కూడా ఇచ్చారు, ఎంత దయో. మా ఇంటిపేర్లన్నీ రెండు మూడే. ఒకటే చిరునామా. ఇక పుట్టినతేదీ. అందరిదీ జనవరి ఒకటే. ఊరు మునిగినప్పుడు పునరావాసం కార్డులు రాసిన గుమస్తా ఎవరి పుట్టినరోజూ అడగలేదు. పసిబిడ్డ దగ్గర్నుంచి మా ముసలి అత్త దాకా అందరికీ జనవరి ఒకటి వేసి చేతులు దులుపుకున్నాడు. ప్రభుత్వం వేసిన పుట్టినరోజు ప్రభుత్వం ముందే మాకు నేరమైంది.

ఉజ్జ్వల ఓటు మాత్రం భద్రంగా ఉంది. ఆమెకి పంటినొప్పి ఉంది కదా, మనిషే.

మనుషులమని నిరూపించుకోవడానికి ఒక పరీక్ష పెట్టారు. అందరం కూర్చుని రాశాం. "గత పుట్టినరోజున తీసుకున్న ఫోటో పెట్టండి" అన్నారు. మాలో ఎవరి దగ్గరా లేదు. "మీకిష్టమైన హోటల్ పేరు?" మా దిబ్బ మీద హోటల్ లేదు. "సెలవుల్లో ఎక్కడికి వెళ్లారు?" మా బావ నిజాయితీగా "సముద్రం మీదికి" అని రాశాడు. ఆయన పక్కనున్నవాళ్లూ అదే రాశారు, నిజం అదే కాబట్టి. ఫోన్ వెంటనే చెప్పింది: "సమాధానాలు ఒకేలా ఉన్నాయి. మీరు మనిషి కాదు."

ఈ మాట నేను రెండుసార్లు చదివాను. పాతికేళ్లు ఉప్పునీళ్లలో నిలబడి వల లాగిన తాతారావు మనిషి కాదట.

సోమవారం. గాలి ఈశాన్యం.
వ్యాఖ్య:

అర్జీ పెట్టుకున్నాను. మేం బతికున్న మనుషులం, ఎవరినైనా పంపి చూసుకోండి అని. రోజంతా నీళ్ల పడవ లెక్కలు చూసుకుంటూ, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఎవరూ రారట. రావడం పాత పద్ధతట. ఇలాంటి తగువులు కూడా పదిమందిలోనే పెట్టి, నెలాఖరు దాకా ఆగకుండా ఒక్క రోజులో తేలుస్తారట. పెట్టేశారు కూడా.

ప్రశ్న ఇది: "పద్నాలుగో దిబ్బ వాసులు మనుషులేనా?"

అవును, కాదు. కింద ఓట్లు. అందులో ఓటెయ్యడానికి మాకు వీల్లేదు, మనుషులం కాము కాబట్టి. ఎవరు వేస్తున్నారో చెప్పక్కర్లేదు. చలం గోదాములోని సరుకంతా వచ్చి "కాదు" అని నిలబడింది. ఉజ్జ్వల పొడుగాటి వ్యాఖ్య పెట్టింది: "ఇప్పుడే లేచి కాఫీ తాగి చూశాను. బాట్లను తలుచుకుంటే భయమేస్తోంది. మనలాంటి మామూలు మనుషుల గొంతు నొక్కేస్తున్నాయి."

దాని కింద ఎంతమంది "నిజం చెప్పావు చెల్లీ" అన్నారో! ఫోన్ సముద్రంలోకి విసిరేద్దామని చెయ్యెత్తాను. రేవు ఉద్యోగానికి ఇచ్చిన ఫోన్ అది. దించేశాను.

మంగళవారం. ఉదయం పాటు.
నీళ్ల పడవ: వచ్చింది. వచ్చిన విధం: ఇంజను.
హాస్పిటల్ పడవ: రాలేదు. కాలువలోంచి మా ముందు నుంచే వెన్నెల దిబ్బకి పోయింది.
వ్యాఖ్య:

తీర్పు వచ్చింది. పద్నాలుగో దిబ్బలో మనుషులు లేరు. మనుషులు లేని దిబ్బకి పడవ అవసరం లేదు.

వెన్నెల దిబ్బకి పోవాలన్నా మా కాలువే దారి, ఇంకెక్కడా లోతు లేదు. అందుకని పడవ మా కళ్లముందే పోయింది. రేవు గట్టు మీద అప్ప చీర మార్చుకుని, చెయ్యి కడుక్కుని, ఎప్పటిలాగే కూర్చుని ఉంది. సలోమి పడవ అంచున నిలబడి మా వైపు చూస్తూ ఏదో చెప్పబోయింది. ఇంజను చప్పుడులో వినపడలేదు.

బావ తెప్ప వేసుకుని వెన్నెల దిబ్బకి వెళ్లాడు, అప్పని అక్కడికే తెస్తాను, మిషను ఎక్కించండి అని అడగడానికి. అతిథి కార్డు లేని పడవ అక్కడ ఆగకూడదని తరిమేశారు. కార్డు కోసం పేరు రాయబోతే వాళ్ల యంత్రం "ఈ పేరుతో మనిషి లేడు" అందట. ఒడ్డున ఉన్న పెద్దాసుపత్రికి పోదామా అంటే, తెరచాప మీద చాలా దూరం. పైగా అక్కడ కూడా చీటీ రాసేది ఈ పదిమంది జాబితాలో పేరున్నవాళ్లకే.

గురువారం. గాలి లేదు, ఉక్క.
వ్యాఖ్య:

అప్ప కాళ్లు పొంగాయి. మొహం ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడటం లేదు, గోడకి ఆనుకుని కూర్చునే ఉంటోంది. నీళ్లు గుటకలు లెక్కపెట్టి తాగుతోంది. ఆమె మోచేతి దగ్గర మిషను కోసం కలిపిన నరం ఒకటుంటుంది, వేలు పెడితే గుయ్ గుయ్‌మని కొట్టుకుంటుంది. నేను వెళ్లినప్పుడల్లా దాని మీద వేలు పెట్టి చూస్తున్నాను.

"ఏటి సూత్తన్నావు?" అంది.

"మనిసివో కాదో సూత్తన్నాను" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. కాసేపటికి బావని పిలిచి, ఒక్కో మాటకీ ఆగుతూ చెప్పింది. "రేపు సుక్కురారం. పడవ కాలువలోంచే పోవాల కదా. వల ఏయండి."

బావకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన వల వైపు చూశాడు. ఇంజను రెక్కలో పడితే ఆ వల ఏమవుతుందో ఆయనకి తెలుసు. దిబ్బంతా తినేది దాని మీదే. లేచి వెళ్లి మనుషుల్ని పిలుచుకొచ్చాడు.

శుక్రవారం. ఉదయం పాటు, కాలువ ఇరుకు.
హాస్పిటల్ పడవ: వచ్చింది. వచ్చిన విధం:
వ్యాఖ్య:

పై గడి ఖాళీగా వదిలాను. ఇంజను, తెరచాప, తెడ్డు, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోమంటోంది పెట్టె. ఏదీ కాదు.

పొద్దున్నే అలివి వలని కాలువకి అడ్డంగా దింపాం. బెండ్లు పైకి తేలకుండా రాళ్లు కట్టాం. తాళ్ల రెండు కొసలూ ఒడ్డుకి తెచ్చి వరుసలుగా నిలబడ్డాం. నేను కూడా. రేవు ఉద్యోగం వచ్చాక తాడు పట్టడం ఇదే మొదటిసారి. అప్పని కుర్చీలో కూర్చోబెట్టి అందరికీ కనపడేలా గట్టు మీద పెట్టారు.

పడవ వచ్చింది. వల మీదికి వచ్చింది. ఇంజను ఒక్కసారి గుర్రుమని, మూలిగి, ఆగిపోయింది. నడిపే దానయ్య కిందికి చూసి కేకలు మొదలుపెట్టాడు.

"ఏటిది? మతులు పోనాయేటి మీకు?"

"సేప పడ్డాది దానయ్యా. పడ్డ సేపనొగ్గెత్తామేటి?" అన్నాడు బావ.

అందరం అప్ప వైపు చూశాం. ఆమె నోరు తెరిచింది. గొంతు రాలేదు. మళ్లీ తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఛాతీ నిండా నీళ్లున్న మనిషికి కేక ఎక్కడ్నుంచి వస్తుంది? కేక లేకుండా మేం ఎప్పుడూ లాగలేదు.

అప్పుడామె చెయ్యెత్తింది. నరం కొట్టుకునే ఆ చెయ్యే. అందరూ ఊపిరి బిగపట్టారు. చెయ్యి దించింది.

లాగాం. ఒకే క్షణంలో, ఒకేలాగా, ఏ తేడా లేకుండా. దేన్ని చూసి మమ్మల్ని మనుషులు కాదన్నారో ఆ పనే చేశాం. చెయ్యి లేచింది, దిగింది. పడవ కదిలింది. మళ్లీ లేచింది, దిగింది. అంత బరువు పడవ అంగుళం అంగుళం మా ఇసుక మీదికి వచ్చింది. వల చిరిగే చప్పుడు అందరికీ వినిపించింది. ఎవరూ తాడు వదల్లేదు.

దానయ్య వైర్‌లెస్ అందుకోబోయాడు. సలోమి అడ్డంపడింది.

"ఫిర్యాదు తర్వాత చెయ్యండి. పడవ ఆగింది. ఆగిన చోట రోగి ఉంది. అడ్డు తప్పుకోండి."

మెరుపు సీసాల పెట్టెలు పక్కకి నెట్టి అప్పని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాం. మిషను తిరగడం మొదలుపెట్టింది. మిగతా రోగులూ వరుసగా ఎక్కారు. అప్ప కళ్లు మూసుకుంది. బావ నీళ్లలో దిగి, రెక్కకి చుట్టుకున్న వలని కత్తితో కోస్తూ, ఒక్కో ముక్కా ఒడ్డుకి విసురుతున్నాడు. పొద్దు వాలే వేళకి అప్ప మాట్లాడింది. "కూడెట్టండి" అంది.

సోమవారం. గాలి తూర్పు.
విచారణాధికారి పడవ: వచ్చింది. వచ్చిన విధం: ఇంజను.
వ్యాఖ్య:

మేం బతికున్నామో లేదో చూడటానికి రమ్మంటే రానివాళ్లు, పడవ ఆపామంటే వెంటనే వచ్చారు. కుర్రవాడే, మర్యాదస్తుడు. చెమటలు తుడుచుకుంటూ ఒడ్డున నిలబడి అడిగాడు.

"ప్రభుత్వ పడవని అడ్డగించి లాగింది ఎవరు?"

బావ చిరిగిన వల కుట్టుకుంటూ తలెత్తాడు. "మనుసులెవులూ నేరు బావూ ఈ దిబ్బలో. పదిమందిలో తేలిపోనాది కదా."

అధికారి తన పలక తెరిచి చూశాడు. నివాసులు: లేరు. నిందితుల గడిలో పేరు కొడితే యంత్రం తీసుకోవడం లేదు. ఇంకో పేరు కొట్టాడు. తీసుకోలేదు. ఎదురుగా దిబ్బంతా నిలబడి తననే చూస్తోంది. దూరంగా వెళ్లి ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడి వచ్చాడు. కేసు నిమిత్తం మా అందర్నీ మనుషులుగా నమోదు చేసుకోమని పైనుంచి అనుమతి వచ్చిందట.

ఒక్కొక్కళ్లనీ నిలబెట్టి ఫోటో తీశాడు, వేలిముద్ర వేయించాడు. ప్రతిసారీ పలక తీయగా పలికింది: "మనిషి. ధ్రువీకరించడమైనది." అప్ప దగ్గరికి వచ్చినప్పుడు ఆమె అడిగింది.

"అయితే బావూ, మా ఓట్లు మాకొచ్చీసినట్టేనా?"

అతను తలొంచుకున్నాడు. "లేదమ్మా. కేసు తేలేదాకా నిందితులకి ఓటు ఉండదు."

"కేసు ఎక్కడ తేలుద్ది?"

"పదిమందిలో."

ఓటెయ్యడానికి మేం మనుషులం కాము. శిక్ష వెయ్యడానికి మనుషులం. ఇంత సిగ్గులేని మాటని ఆ కుర్రవాడు సిగ్గుపడుతూ చెప్పాడు, అదొక్కటే తేడా. అతను పడవెక్కకముందే విన్నపం పదిమందిలో కనపడింది. మమ్మల్ని ఏం చెయ్యాలని. ఉజ్జ్వల అప్పుడే లేచి, కాఫీ తాగి, ఓటేసింది.

కాలువలో ఇక వల వెయ్యకూడదని నోటీసు అతికించి వెళ్లారు. రేవు గుమస్తాగా దాని మీద సంతకం నాదే. చేశాను.

మంగళవారం. ఉదయం పాటు. గాలి తూర్పు.
నీళ్ల పడవ: వచ్చింది. వచ్చిన విధం: ఇంజను.
వ్యాఖ్య:

వల ఇంకా సగమే కుట్టడం అయింది. అయినా అదే దింపాం, చిరుగుల మీద చిరుగులు పడితే పడ్డాయని. అప్ప గట్టు మీద నిలబడింది, కుర్చీ వద్దంది. ఈసారి గొంతుంది.

హాస్పిటల్ పడవ మలుపు తిరిగింది. వల దాకా రాలేదు. దానయ్య కాస్త ముందే ఇంజను ఆపేశాడు. ఏమవుతోందో మాకు తెలియలేదు. పడవ నీళ్లలో ఊగుతూ నిలబడింది. సలోమి వెనక నిలబడి ఉంది. దానయ్య గట్టు మీద అతికించిన నోటీసు వైపు చూశాడు, మా వల వైపు చూశాడు. వంగి, మోకు తీసి, మా వైపు విసిరాడు.

"వలెందుకు పాడుసేసుకుంటారు? తాడట్టుకోండి. ఇంజను పాడయిపోనాదని నాను రాసుకుంటాను."

అందరం పరిగెత్తాం. అప్ప "ఓఓఓ..." అని సాగదీసింది. కాలువ ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా మోగింది. "పట్టూ!" అంది.

హాస్పిటల్ పడవ: వచ్చింది.
వచ్చిన విధం: మనుషులు.

పెట్టె చెల్లదంది. చెరిపేసింది. మళ్లీ అదే రాశాను.